మా అక్క చెడగొట్టిన ఒకే ఒక్క సంబంధం

మా అక్క లూర్దుమేరి బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్ళూ కుదిర్చిన పెళ్ళిళ్ళకు లెక్కలేదు. శుక్రవారం మా తెలుగు సహవాసంలో ముందు వరసల్లో పాటల పుస్తకం ఒకటే పట్టుకుని ఇద్దరూ చూసి పాడే జంటల్లో సగం ఆమె చలవే. వెనక వరసల్లో చెరో పుస్తకం పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చునే జంటల్లోనూ సగం ఆమె చలవే. "కుదర్చడం వరకే నా డ్యూటీ. కాపురం దేవుడి ఓవర్‌టైం" అనేది.

పోయినేడు ఆమె చనిపోయాక పెట్టిన జ్ఞాపకార్థ కూటంలో ఒక్కొక్కరే లేచి ఆ పెళ్ళిళ్ళ గురించే చెప్పారు. పాస్టరుగారైతే ఆమెను సాత్వికురాలన్నారు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చి, దాన్ని దగ్గుగా మార్చుకోవలసి వచ్చింది. ఆమె చెడగొట్టిన సంబంధం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. జీవితం మొత్తంమీద ఆమె చెడగొట్టింది ఒక్కటే. అదీ చెడగొట్టాలని కాదు, కుదర్చాలని ప్రాణం పెట్టింది. అందుకే అది అంత బాగా చెడింది.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. అక్క పెళ్ళి మా నాన్న కుదిర్చాడు. మా బావ ఆటో కొనుక్కొస్తానని గుంటూరు వెళ్ళి, ఆటో కొనుక్కుని, అందులోనే ఇంకెటో వెళ్ళిపోయాడు. తన సంబంధం తనే చూసుకుని ఉంటే ఇట్టా అయ్యేది కాదని ఆమె వాదన. ఊరందరికీ సంబంధాలు చూసే పిచ్చి అక్కడే మొదలైందని నా అనుమానం. బహ్రెయిన్‌కు ముందు తను వచ్చింది, తర్వాత నన్ను లాక్కొచ్చింది. బుదైయాలో ఒక విల్లాలో ఇంటిపని చేస్తూ అక్కడి వంటమనిషికీ పక్క విల్లా డ్రైవరుకీ ముడిపెట్టింది. సీఫ్‌లో ఒక మాల్‌లో నేలలు తుడుస్తూ, తనతోపాటు తుడిచే పిల్లకు తమ్ముడి వరసవాణ్ణి చూసింది. చివరికి చైనా బజారులో తేలింది.

ముహర్రక్ అవతల, సముద్రాన్ని పూడ్చి చదును చేసిన నేలమీద ఉంటుంది ఆ బజారు. చెంచా కొందామని లోపలికి వెళ్ళినవాళ్ళు మంచంతో బయటికి వస్తారు. అందులో కర్టెన్ల షాపు రూది. రూ అంటే మా యజమానురాలు, చైనా అమ్మాయి. మేమంతా మేడమ్ అంటే, అక్క మాత్రం "పిల్లా" అనేది. నేను బిల్లింగు చూసేదాన్ని. దేవేందర్ అని జగిత్యాల అతను కర్టెన్లు కుట్టేవాడు. అక్క షాపు ఊడ్చి, మధ్యాహ్నం అందరికీ వండేది. వెనక గదిలో నలుగురం ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళం.

రూకి తెలుగు అక్కే నేర్పింది. అంటే ముందు తిట్లు, తర్వాత కూరగాయల పేర్లు. సరుకు ఆలస్యంగా తెచ్చిన లారీ డ్రైవరును రూ "నీ మొహం మండా, యల్లా, యల్లా" అని తరుముతుంటే, అక్క తలుపు దగ్గర నిలబడి, కూతురు ఫస్టుక్లాసులో పాసైన తల్లిలా మురిసిపోయేది.

రూ తన చిన్నతనం గురించి ఒక్కసారే చెప్పింది, భోజనాల దగ్గర. ఆమె పాలు మరవగానే అమ్మానాన్నా ఆమెను ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదిలి, రైలెక్కి ఎంతో దూరంలో ఉన్న చెప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. ఏడాదికోసారి, వాళ్ళ కొత్త సంవత్సరానికి వచ్చేవాళ్ళు. అమ్మ వచ్చిందనగానే రూ తలుపు వెనక దాక్కునేదట, ఎవరో కొత్తావిడ ఎత్తుకుంటుందని భయపడి. ఊళ్ళో పిల్లలందరిదీ అదే బతుకట. ఇది చెప్పి ఆమె మామూలుగానే అన్నం తింటోంది. దేవేందర్ మాత్రం కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. అతని కొడుకు వీడియోలో అతన్ని అప్పటికింకా అంకుల్ అనే పిలుస్తున్నాడు.

అలాంటి రూ ఇప్పుడు కొత్త సంవత్సరానికి ఇంటికి వెళ్ళడం మానేసింది. అక్కడికి వెళితే చుట్టాలందరూ అడిగేది ఒక్కటే ప్రశ్న, పెళ్ళెప్పుడని. ఆమెకు ముప్పై దాటాయి. ఆర్డర్లున్నాయి, రంజాన్ ముందు కర్టెన్ల గిరాకీ అని ఏటా ఏదో ఒకటి చెప్పేది. ఇలా లాభం లేదనుకుని వాళ్ళమ్మే బయలుదేరి వచ్చింది.

ఆమె పేరు దింగ్. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మొగుడు పోయాడు. కూతురు పంపిన డబ్బుతో కొన్న ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది. ఎండు పుట్టగొడుగులు, ఊరవేసిన ఆవాకు, డాన్సు చేసుకోవడానికి ఒక స్పీకరు తెచ్చింది. రానూపోనూ టికెట్టు తనకు తీసుకుంది, పోను టికెట్టు కూతురికి కూడా తీసుకుంది. వాళ్ళ ఊళ్ళో హౌ అని ఒక గవర్నమెంటు ఉద్యోగి ఉన్నాడు. ఫ్లాటుంది, కారుంది, సిగరెట్టు తాగడు. అతని తల్లితో మాటలు ముప్పాతిక అయిపోయాయి. పిల్లను వీడియోలో ఒకసారి చూపిస్తే ఖాయం. ఖాయమైతే రూ షాపు మూసి ఇంటికి రావాలి. షాపు రూ పేరు మీదుంది కాబట్టి, ఆమె వెళితే మా ముగ్గురి వీసాలూ ఆ కర్టెన్లతో పాటే మడతపెట్టుకోవాలి.

అక్క, దింగ్ మొదటిసారి మాట్లాడుకున్నది షాపు వెనక వంటగదిలో. మధ్యలో ఫోను. ఎవరి భాషలో వాళ్ళు దానికి చెబితే అది రెండోవాళ్ళ భాషలో చెప్పేది. దాని తెలుగు అచ్చం వార్తలు చదివే అమ్మాయి తెలుగు. దింగ్ గుండెలు బాదుకుంటూ ఏదో అంటే, ఫోను హాయిగా, "నా కుమార్తెకు ముప్పై మూడు సంవత్సరములు. ఆమె ఇంకా వివాహం చేసుకోలేదు. ఇది విచారకరం" అంది.

"ముప్పై మూడా! ఇన్నాళ్ళూ ఏం చేస్తన్నా వదినా నువ్వు?" అంది అక్క.

దింగ్ సంచిలోంచి అట్టలాంటి కాగితం తీసి చూపించింది. దాని మీద రూ ఎత్తు, బరువు, చదువు, సంపాదన. వాళ్ళ ఊళ్ళో ఆదివారం పొద్దున తల్లిదండ్రులు పార్కుకు వెళ్ళి, గొడుగులు తెరిచి నేలమీద పెట్టి, పిల్లల వివరాలు వాటికి తగిలించి పక్కన కూర్చుంటారట. పిల్లలు రారు, చాలామందికి ఈ సంగతి తెలియదు కూడా. తల్లులూ తండ్రులే అటూ ఇటూ తిరిగి చదువుకుంటూ, నచ్చితే మాటలు కలుపుతారట. హౌ తల్లి గొడుగు దింగ్ గొడుగు పక్కదే.

అక్క పులకరించిపోయి నావైపు తిరిగింది. "ఏమే కృపా, చూశావంటే! మనోళ్ళు బయోడేటాలు వాట్సాప్‌లో తిప్పి చస్తన్నారు. గొడుక్కి కడితే దారినపోయేవాడు గూడా చదువుకుంటాడు గదా!"

దింగ్ అక్కను పైనుంచి కిందికి చూసి ఫోనుకు ఏదో చెప్పింది.

"మీకు భర్త ఉన్నారా?" అనడిగింది ఫోను.

"ఉన్నాడు. యాడున్నాడో వాడికే తెలవాలి."

"మీ వివరములు ఇవ్వండి. మీ కాగితాన్ని కూడా నా గొడుగుకు కట్టెదను. పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవర్లు అనేకులు వచ్చెదరు."

అక్క నవ్వలేక కింద కూర్చుండిపోయింది. "నా బరువుకి గొడుగు ఇరిగిద్దని చెప్పు వదినెకి" అంది ఫోనుతో. ఆ ఫోను ఏం చెప్పిందో, దింగ్ కూడా పక్కనే కూలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకున్నారు. దింగ్‌కు వచ్చిన తెలుగు అదొక్కటే.

ఆ సాయంత్రం బజారు వెనక కార్లు నిలిపే చోట దింగ్ స్పీకరు పెట్టి డాన్సు మొదలెట్టింది. వాళ్ళ ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళంతా రోజూ ఇలా వరసల్లో నిలబడి ఆడతారట. పని మానేశారు, పెంచడానికి మనవలు లేరు, కాళ్ళూ చేతులూ ఊరుకోవు కదా. అక్క వెళ్ళి పక్కన నిలబడింది. సహవాసంలో చప్పట్లు కొట్టే అలవాటు తప్ప ఆమెకు డాన్సు తెలియదు. దింగ్ చెయ్యి ఎత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. దింగ్ తిరిగినప్పుడల్లా స్తోత్రమంది. మూడో పాటకు పాకిస్తానీ వాచ్‌మన్ భాయ్ కూడా కర్ర పక్కన పెట్టి వచ్చాడు.

నాకు మాత్రం కాళ్ళ కింద నేల కదులుతోంది. గదికి వచ్చాక అడిగాను. "అక్కా, ఈ సంబంధం కుదిరితే మన సంగతేంటి?"

"ఏంటంటే?"

"షాపు మూస్తారు. మనం ఇంటికి పోతాం. ఇంటికెళ్ళి ఏం చేస్తాం?"

"సంబంధం గుమ్మంలోకి వచ్చాక మన కూటి కోసం అడ్డం పడతామా? పాపం గాదూ? నా చేత్తో ఎన్ని చేశా, ఒక్కదానికైనా అడ్డం పడ్డానా?"

మర్నాడు దేవేందర్ కుట్టుమిషను ఆపి మరీ బతిమాలాడు. "మేరక్కా, జర సోంచాయించు. నాకు మల్ల గల్ఫ్ వీసా ఎవడిస్తడే? ఆ పోరడు మంచోడు గాదని ఒక్క మాట జెప్పు, గంతే."

"నువ్వు చూశావా ఆ పిల్లోణ్ణి?"

"సూడలే."

"మరి మంచోడు కాదని నీకెట్టా తెల్సు? నోరు మూసుకుని కుట్టుకో."

రూ సంగతి రూ ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళకు చాలాసార్లు చెప్పి విసిగిపోయిందని తర్వాత తెలిసింది. ఒకసారి మాత్రం అక్క కూరగాయలు తరుగుతూ, "పెళ్ళంటే నీకేం భయమే పిల్లా?" అనడిగితే, ఆమె ఉల్లిపాయ వలుస్తూ తన కలగాపులగం భాషలో జవాబిచ్చింది.

"భయం లేదు అక్కా. అమ్మకు కడుపులో రెండో బేబీ. గవర్నమెంటు ఆఫీసు నుంచి మనుషులు వచ్చారు. ఒకటి చాలు, రెండు వద్దు అన్నారు. తీసుకెళ్ళారు. ఖలాస్. ఇప్పుడు అదే ఆఫీసు, అమ్మకు ఫోన్. మీ అమ్మాయికి పెళ్ళి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు, మూడు కూడా ఓకే అంటారు. ఆఫీసు అదే, కుర్చీ అదే, గోడ మీద బోర్డు మారింది. నేను వాళ్ళ కోసం పుట్టలేదు, వాళ్ళ కోసం కనను. నాకు షాపు ఉంది. నీ పప్పుచారు ఉంది. మొగుడు ఎందుకు, దండగ ముండాకొడుకు."

చివరి మాట అక్క నేర్పిందే. అక్క తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. తర్వాత, "అందరూ ముందు అట్టాగే అంటారు" అని మళ్ళీ తరగడం మొదలెట్టింది.

వీడియో చూపులు శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. నమాజు వేళ బజారు ఖాళీగా ఉంటుంది, అప్పటికి చైనాలో సాయంత్రం. ఆ పూట అక్క సహవాసం కూడా ఎగ్గొట్టింది. చూపుల ఏర్పాట్లన్నీ తననే చెయ్యనివ్వాలని దింగ్ చేత ఒట్టు వేయించుకుంది. దింగ్‌కు కూడా అది నచ్చింది. వాళ్ళవైపు మధ్యవర్తి పెద్ద మనిషి కింద లెక్క.

అక్క దగ్గర ఒక తెల్ల పట్టుచీర ఉండేది, బంగారు జరీ అంచుది. మా సహవాసంలో ఇక్కడ పెళ్ళయిన పిల్లలంతా ఆ చీరే కట్టుకున్నారు. పెళ్ళికూతురు మారేది, పిన్నీసులు మారేవి, చీర మాత్రం అదే. ఆ చీర కట్టిన ఏ సంబంధమూ తప్పిపోలేదని ఆమె గట్టి నమ్మకం. దాన్ని ఇస్త్రీ చేయించింది. ముందురోజే మనామా వెళ్ళి మల్లెపూలు తెచ్చింది, మూర కాదు, బుట్టెడు. వెనక ఏదైనా అందంగా ఉండాలని దేవేందర్ చేత తెల్లని వలతెర వేయించింది. అతను నిచ్చెనెక్కి, తన వీసాకు తనే తెర కడుతున్నట్టు మొహం పెట్టి కట్టాడు.

దింగ్ ముందు గదిలో బల్ల దగ్గర టాబ్లెట్ ముందు కూర్చుని హౌ వాళ్ళతో మాట్లాడుతూ ఉంది. మాకు అర్థమయ్యేందుకు అక్క ఫోను కూడా పక్కనే తెరిచిపెట్టాం. నేను తొంగి చూశాను. తెరమీద హౌ తల్లి, పక్కన హౌ. అతను వంచిన తల ఎత్తడం లేదు. సిగ్గేమో అనుకున్నాను, ఫోనులో గేమ్ ఆడుతున్నాడు. వాళ్ళ వెనక మంచం మీద దుప్పట్లో ఒక ముసలావిడ, హౌ నాయనమ్మ. మనవడి పెళ్ళి చూసి పోవాలని ప్రాణం బిగబట్టుకుని ఉందట. తొందరంతా ఆవిడ కోసమేనట.

వెనక గదిలో అక్క రూకి చీర కట్టింది. రూ ఒక్క మాట ఎదురు చెప్పకుండా, ఆడించినట్టల్లా ఆడింది. అక్క జడ వేసి పూలు తురిమింది.

"ఇంకా పూలు ఉన్నాయా?" అనడిగింది రూ.

"చాలవంటే?"

"ఇంకా పెట్టు అక్కా. ఇటువైపు కూడా."

అక్క కళ్ళు చెమ్మగిల్లాయి. మనసు మారిందే పిల్లకు అన్నట్టు నావైపు చూసింది. బుట్ట ఖాళీ చేసింది. తర్వాత మా పద్ధతిలో చెంగు తీసి రూ తలమీద కప్పి, తన చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసింది. ఆ చెంగు అలాగే ఉంచింది, నిండుగా ఉందని. చేతికి టీ పళ్ళెం ఇచ్చి, "తల వంచుకుని మెల్లిగా నడువ్. నవ్వమాక, పళ్ళు చూపియ్యమాక. పెద్దామె వంక చూసి వంగి దణ్ణం పెట్టు" అని చెప్పి బయటికి నడిపించింది.

తెల్లతెర ముందు, తెల్లచీరలో, తలమీద తెల్లచెంగు, జుట్టు నిండా తెల్లపూలతో, రెండు చేతులా పళ్ళెం పట్టుకుని, తల వంచుకుని రూ వచ్చింది. టాబ్లెట్ ముందు నిలబడి, మంచం మీది ముసలావిడకేసి నడుం దాకా వంగింది.

హౌ మొదటిసారి తల ఎత్తాడు. అతని తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక దుప్పటి కదిలింది. ఎన్నాళ్ళుగానో లేవలేదన్న ఆ ముసలావిడ మోచేతుల మీద లేచి కూర్చుని, మా షాపు అద్దాలు అదిరేలా అరిచింది.

అక్క ఫోను ఆ అరుపును విని, వార్తల అమ్మాయి గొంతుతో ప్రశాంతంగా చెప్పింది: "నేను ఇంకా మరణించలేదు. ఈ దుష్ట బాలికను తొలగించండి."

తెర నల్లబడింది.

అక్కకు ఏమీ అర్థం కాలేదు. "ఏమైందే? నెట్టు పోయిందా?" అంటోంది. దింగ్ కూతురివైపు తిరిగి, లేచి నిలబడి కేకలేస్తోంది. ఫోను మాత్రం అదే గొంతుతో, "నీకు తెలుసు. నీకు తెలుసు. నీకు తెలుసు" అంటోంది.

రూ చైనా భాషలో ఒక్క ముక్క అంది. "అవును. నేను మరికొన్ని పూలు అడిగాను" అంది ఫోను.

తర్వాత రూ అక్కవైపు తిరిగి చెప్పింది. "మా దగ్గర అమ్మ చస్తే, నాన్న చస్తే ఇట్లా కడతారు అక్కా. తల మీద తెల్ల గుడ్డ. జుట్టులో తెల్ల పువ్వు. ఇట్లా వంగాలి, శవానికి. పెళ్ళికి తెల్ల గౌను ఓకే, ఫోటో కోసం. ఇది గౌను కాదు."

"మేరక్కా, బతికున్న ముసల్దానికి దినాలు జేపిచ్చినవ్ గదనే" అన్నాడు దేవేందర్. అతని మొహంలో సంతోషం దాచుకోవడానికి చోటు లేదు.

"ఆ సంగతి ముందే ఏడవచ్చుగా!" అని అక్క రూ మీద విరుచుకుపడింది.

"నువ్వు అడగలేదు అక్కా. అమ్మ కూడా అడగలేదు. వద్దు, వద్దు, చాలాసార్లు చెప్పాను, ఎవరూ వినలేదు. ముసలావిడ విన్నది."

దింగ్ అరవడం ఆపేసింది. కూతుర్ని అలా తలనుంచి పాదాల దాకా చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఇంకా ఎక్కువ కోపం వస్తుందనుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చుని ఏడవడం మొదలెట్టింది. రేపు తను పోతే తనకోసం ఆ బట్టలు కట్టుకోవలసిన మనిషి లోకంలో ఒక్కతే. ఆ ఒక్కత్తీ అవి కట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

తర్వాత దింగ్ షాపుకు రాలేదు. కూతురి ఫ్లాటులోనే ఉండిపోయింది. తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. వెళ్ళే రోజు దగ్గరపడుతోంది, రెండో టికెట్టు అలాగే ఉంది. రూ రానంటోంది, రాకపోతే నువ్వు నా కూతురివి కావని దింగ్ అంటోంది. అక్క తలకు గుడ్డ కట్టుకుని పడుకుంది. షాపు నిలిచిందన్న సంతోషం ఆమెకు అస్సలు లేదు. "నా చేత్తో ఒక సంబంధం పోయిందే" అని గోడవైపు తిరిగి అంటూనే ఉంది. చివరికి లేచి పప్పుచారు కాచి, గిన్నెకు గుడ్డ చుట్టి, "పా, వదిన కాళ్ళు పట్టుకుందాం" అని నన్ను తీసుకుని ఆ ఫ్లాటుకు వెళ్ళింది.

దింగ్ తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు. అక్కకు అలాంటివి పట్టవు. పక్కనుంచి దూరి, వంటగదిలో గిన్నె దించి, ఫోను బల్లమీద పెట్టింది. "వదినా, నాకు తెలవక చేశా. తిట్టు."

దింగ్ తిట్టలేదు. ఫోను దగ్గరికి లాక్కుని మాట్లాడింది. తమ వీధిలో చిన్నపిల్లల బడి మూసేసి ముసలివాళ్ళ ఆశ్రమం చేశారు, అవే చిన్న కుర్చీల్లో కూర్చోబెడుతున్నారు అంది. సాయంత్రం తోపుడుబండ్లలో కుక్కపిల్లలను తిప్పుతారు, పిల్లల్లేరు అంది. "నా కుమార్తెకు తమ్ముడు లేడు. చెల్లెలు లేదు. నా వలన లేదు. నీకు చెల్లెలు ఉన్నది. నేను పోయిన తరువాత ఆమెకు ఎవరు ఉన్నారు?"

"చెల్లెలుంటే ఏదో ఒరిగిద్దనుకుంటన్నావా? ఇదిగో, పక్కనే ఉంది. నిన్న తలనొప్పి మాత్ర తెమ్మంటే ఇయ్యాల తెచ్చింది" అంది అక్క నన్ను చూపించి. తర్వాత గొంతు మార్చి అడిగింది. "వదినా, ఆ చెప్పుల ఫ్యాక్టరీలో అన్నేళ్ళు నీకెవరున్నారు?"

దింగ్ ఆలోచించింది. ఒక గదిలో మంచాల మీద మంచాలు వేసుకుని ఉండేవాళ్ళమంది. పేర్లు చెప్పడం మొదలెట్టింది. ఫోనుకు ఆ పేర్లు చాతకాలేదు, తడబడుతూ వదిలేసింది. ఒకామె తలదువ్వేది. ఒకామె జ్వరమొస్తే దింగ్ కార్డు తీసుకుని తనే రెండు షిఫ్టులు చేసింది. ఆఫీసువాళ్ళు తీసుకెళ్ళి వదిలిన రోజున ఒకామె గుడ్లు ఉడికించి పెట్టింది, మూడు రోజులు బట్టలు ఉతికింది. వాళ్ళు నీకు ఏమవుతారని అక్క అడిగింది. ఏమీ కారంది దింగ్. ఇప్పుడెక్కడున్నారో కూడా తెలియదంది.

"మరి అదేగా నేను చెప్పేది" అంది అక్క, గిన్నె మూత తీస్తూ. "తిను ముందు. చల్లారితే బాగోదు."

దింగ్ తిన్నది. కారానికి ముక్కు చీదుకుంటూ తిన్నది. మేము లేచేటప్పుడు అక్క చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. "నా కుమార్తెను ఒంటరిగా భోజనం చేయనివ్వవద్దు. మీరు మాట ఇవ్వండి" అంది ఫోను. అక్క ఇచ్చింది. చైనా పెద్దమనుషుల మధ్య మాట ఎలా ఇస్తారో తెలియక బైబిలు మీద ప్రమాణం చేసినట్టు గిన్నె మూత మీద చెయ్యి పెట్టి ఇచ్చింది.

దింగ్ ఒక్కతే విమానమెక్కింది. విమానాశ్రయంలో కూతుర్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. రూ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, తర్వాత తల్లి వీపు మీద పెట్టింది. హౌకు ఆ ఏడాదే పెళ్ళయిందని తర్వాత తెలిసింది. ఆ ముసలావిడకు ఆ రోజు లేచి కూర్చున్నప్పటి నుంచి ఆరోగ్యం కుదుటపడిందట. ఇది విన్నాక అక్క తేరుకుంది. తేరుకుని, కావాలనే చెడగొట్టానని చెప్పుకోవడం మొదలెట్టింది. "పిల్లకిష్టం లేదని నాకు మొదటి రోజే తెల్సు. పూలు ఊరికే తెచ్చాననుకున్నారా?" అనేది. చెప్పిన ప్రతిసారీ బుట్ట పెద్దదయ్యేది. నేనూ దేవేందర్ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకునేవాళ్ళం.

మా మధ్యాహ్న భోజనం వేళ చైనాలో చీకటి పడే వేళ. దింగ్ అక్కడ తన గిన్నె ముందు పెట్టుకుని వీడియో పెడుతుంది, మేం ఇక్కడ మా బల్లకు ఒక చివర టాబ్లెట్ ఆనిస్తాం. పెళ్ళి మాట రావడం తగ్గింది, పూర్తిగా పోలేదు. అక్క పోయాక మొదటిసారి ఫోను చేసినప్పుడు దింగ్ చైనా భాషలో ఏమీ అనలేదు. "వదినా" అని ఒకసారి అని, తన అన్నం తను తింటూ కూర్చుంది. మేమూ తిన్నాం.

ఇప్పుడు పప్పుచారు రూ కాస్తోంది. చింతపండు పులుపు పట్టుబడక వాళ్ళ నల్ల వెనిగర్ పోస్తుంది. కరివేపాకు బదులు ఉల్లికాడలు వేస్తుంది. దేవేందర్ దేవుడికి దణ్ణం పెట్టుకుని మొదటి ముద్ద తింటాడు. నేను బాగుందనే చెబుతాను. అక్క ఉంటే ఆ గిన్నె తీసుకెళ్ళి మా ముగ్గురి నెత్తిన బోర్లించేది.